బీమా రంగంలో బ్లాక్‌చైన్

పాలసీ జారీ, ప్రీమియం జమ, క్లెయిమ్ చెల్లింపు, పునర్బీమా ఖాతాల సర్దుబాటు వంటి బీమా వ్యవహారాలను ఏ ఒక్క సంస్థ గుప్పిట్లోనూ ఉండని ఉమ్మడి కంప్యూటర్ ఖాతాలో నమోదు చేసి, వీలైన చోట చెల్లింపులను కూడా దాని ద్వారానే జరిపించే ప్రయత్నం బీమాలో బ్లాక్‌చైన్ వినియోగం. 2015లో ఎథీరియం అనే బ్లాక్‌చైన్ వేదిక వచ్చాక ఈ ప్రయత్నాలు ఊపందుకున్నాయి. ఆ తర్వాతి నాలుగైదేళ్లలో ఐరోపా, అమెరికా, ఆసియాల్లోని పేరున్న బీమా సంస్థలు చాలావరకు ఏదో ఒక ప్రయోగంలో చేయి కలిపాయి. వాటిలో కొన్ని మూతపడ్డాయి. కొన్ని చిన్న స్థాయిలో నిలదొక్కుకున్నాయి.

ఈ పదేళ్ల అనుభవాన్ని పరిశీలిస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. ఒకసారి రాసిన లెక్కను తర్వాత ఎవరూ దిద్దకుండా కాపాడటంలో బ్లాక్‌చైన్ దిట్ట. అయితే బీమాలో తగాదాలు ఎక్కువగా వచ్చేది నష్టం నిజంగా జరిగిందా, జరిగితే ఎంత, దేనివల్ల అన్న ప్రశ్నల దగ్గర. వాటికి జవాబు పొలంలోనో ఆస్పత్రిలోనో ప్రమాదం జరిగిన రోడ్డు మీదో ఉంటుంది. నష్టాన్ని ఒక కొలతతో తేల్చగలిగిన చోట ఈ సాంకేతికత పనికొచ్చింది. మనిషి వెళ్లి చూసి నిర్ణయించాల్సిన చోట తడబడింది.

ఉమ్మడి ఖాతా పనితీరు

సతోషీ నకమోతో అనే మారుపేరుతో 2008 అక్టోబరులో వెలువడిన ఒక పత్రం బిట్‌కాయిన్‌కు రూపకల్పన చేసింది. 2009 జనవరిలో ఆ వ్యవస్థ పని మొదలుపెట్టింది. లావాదేవీలను కొన్నేసి చొప్పున ఒక కట్టగా పేర్చి, ప్రతి కట్టలోనూ అంతకు ముందున్న కట్ట తాలూకు హ్యాష్‌ను చేర్చడం ఇందులోని కీలకం. ఎంత పెద్ద పత్రాన్నైనా ఒక గణిత సూత్రంతో కుదించి తీసిన నిర్ణీత పొడవున్న సంఖ్యే హ్యాష్. పత్రంలో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. అందువల్ల పాత కట్టలో ఎవరైనా వేలు పెడితే ఆ తర్వాతి కట్టలన్నీ పొసగకుండా పోతాయి, మోసం బయటపడుతుంది. ఖాతా నకలు పాల్గొనే కంప్యూటర్లన్నిటిలోనూ ఉంటుంది కాబట్టి ఒకరి దగ్గర మార్చినా మిగతావారి ఖాతా దాన్ని ఒప్పుకోదు.

బిట్‌కాయిన్, ఎథీరియం వంటివి ఎవరైనా చేరగల బహిరంగ ఖాతాలు. బీమా సంస్థలు ఎక్కువగా ఎంచుకున్నవి అనుమతి ఉన్నవారికే ప్రవేశం ఉండే ఖాతాలు. లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలోని హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్, ఆర్3 సంస్థ రూపొందించిన కోర్డా ఈ రెండో రకానివి. కోర్డాలో ఒక ఒప్పందం వివరాలు దానితో సంబంధం ఉన్నవారికి తప్ప మిగతా సభ్యులకు కనిపించవు. పోటీదారులకు తమ ప్రీమియం రేట్లు తెలియడం ఏ బీమా సంస్థకూ ఇష్టం ఉండదు కనుక ఈ ఏర్పాటు వారికి నచ్చింది.

షరతు నెరవేరగానే దానంతటదే అమలయ్యే ఒప్పందాన్ని కంప్యూటర్ ప్రోగ్రాముగా రాయవచ్చన్న ఆలోచనను 1990లలో నిక్ సాబో ప్రతిపాదించాడు. దానికి స్మార్ట్ కాంట్రాక్ట్ అని పేరు పెట్టిందీ ఆయనే. విటాలిక్ బ్యుటెరిన్ 2013 చివర్లో ప్రతిపాదించి, 2015 జూలై 30న ప్రారంభమైన ఎథీరియం ఇలాంటి ప్రోగ్రాములు నడిచే తొలి పెద్ద వేదిక అయింది. ‘ఫలానాది జరిగితే ఇంత చెల్లించాలి’ అన్నదే బీమా ఒప్పందం సారాంశం కాబట్టి, స్మార్ట్ కాంట్రాక్టుకు బీమాను మించిన ఉదాహరణ లేదని అప్పట్లో చాలామంది భావించారు.

కానీ బ్లాక్‌చైన్ మీద నడిచే ప్రోగ్రాముకు బయట ప్రపంచం కనిపించదు. వాన ఎంత కురిసిందో, విమానం ఎప్పుడు దిగిందో ఎవరో ఒకరు దానికి చెప్పాలి. ఆ సమాచారం అందించే సేవను ఈ రంగంలో ఒరాకిల్ అంటారు. చైన్‌లింక్ వంటి వ్యవస్థలు ఒకే సమాచారాన్ని పలు చోట్ల నుంచి తెప్పించి సరిపోల్చి అందిస్తాయి. సరిపోల్చడం వల్ల అబద్ధం చెప్పడం కష్టమవుతుంది. అయితే అందరూ ఒకే వానమాపకం మీద ఆధారపడితే, ఆ మాపకం చెడిపోయినప్పుడు అందరూ కలిసి తప్పే చెబుతారు.

పునర్బీమాలో ప్రయోగాలు

సామాన్య పాలసీదారుకు కనబడని, బీమా సంస్థలు తమ కోసం తీసుకునే పునర్బీమాలోనే ఉమ్మడి ఖాతా అవసరం అన్నిటికన్నా ఎక్కువ. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ వంటి తుపానును తీసుకుంటే, ఇళ్లు, దుకాణాలు, కర్మాగారాల నుంచి వచ్చిన క్లెయిమ్‌లు ముందు బీమా సంస్థకు చేరతాయి. పెద్ద కర్మాగారాల పాలసీల్లో నాలుగైదు సంస్థలు వాటాదారులుగా ఉంటాయి. ఆ సంస్థలు తమ భారంలో కొంత పునర్బీమా సంస్థలకు బదలాయించి ఉంటాయి, ఆ పునర్బీమా సంస్థలు మరికొంత ఇంకొకరికి. భారతదేశంలో అయితే ప్రతి సాధారణ బీమా పాలసీలో నిర్ణీత వాటాను తప్పనిసరిగా ప్రభుత్వ పునర్బీమా సంస్థ జీఐసీ రీకి ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. 2022–23 నుంచి ఆ వాటా 4 శాతం. ఇంతమంది మధ్య బ్రోకర్లు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో లెక్క, అవి కుదిరేదాకా ఉత్తరాలు, ఎక్సెల్ పట్టికలు, నెలల జాప్యం.

ఒక లెక్క చూద్దాం. ఒక సంస్థ ఏ తుపానులోనైనా మొదటి 100 కోట్ల రూపాయల నష్టాన్ని తానే భరించి, ఆపైన 400 కోట్ల వరకు పునర్బీమా తీసుకుందనుకుందాం. ముగ్గురు పునర్బీమాదారులు 50, 30, 20 శాతం వాటాలు పంచుకున్నారు. తుపాను నష్టం 260 కోట్లు తేలితే, మొదటి 100 కోట్లు పోను మిగిలిన 160 కోట్లలో వారి వంతులు వరసగా 80, 48, 32 కోట్లు. నష్టం అంచనా ఒకేసారి తేలదు. సర్వేయర్ల నివేదికలు వచ్చేకొద్దీ 260 కాస్తా 275 అవుతుంది, 290 అవుతుంది. మారిన ప్రతిసారీ నలుగురూ తమ తమ పుస్తకాలు దిద్దుకోవాలి. ఉమ్మడి ఖాతాలో ఒకసారి అంకె మారిస్తే చాలు, నలుగురి వంతులూ ఆ క్షణంలోనే లెక్క తేలతాయి.

ఇక్కడే మరో చిక్కు ఉంది. ఇలాంటి ఒప్పందాల్లో తుపాను నష్టాలను 72 గంటల చొప్పున ఒక ఘటనగా పరిగణించే నిబంధన సాధారణం. తుపాను తీరం దాటాక వాయుగుండంగా మారి ఐదో రోజున లోపలి జిల్లాల్లో వరదలు తెస్తే, అది అదే ఘటనా, వేరే ఘటనా? వేరే ఘటన అయితే మొదటి 100 కోట్లు బీమా సంస్థ మళ్లీ భరించాలి. వాటాలు పంచడం ప్రోగ్రాము చేస్తుంది గానీ, ఈ నిర్ణయం న్యాయవాదుల చేతుల్లోనే ఉంటుంది.

2016 అక్టోబరులో ఏగాన్, అలియాంజ్, మ్యూనిక్ రీ, స్విస్ రీ, జ్యూరిక్ సంస్థలు కలిసి బీ3ఐ పేరుతో కూటమి కట్టాయి. 2017లో పైన చెప్పిన తరహా పునర్బీమా ఒప్పందానికి నమూనా తయారుచేసి చూపించాయి. 2018లో జ్యూరిక్ నగరం కేంద్రంగా కంపెనీని స్థాపించి, హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్‌ను వదిలి కోర్డాకు మారాయి. ప్రపంచ పునర్బీమా దిగ్గజాలు వాటాదారులుగా ఉన్న ఈ కంపెనీ 2022 జూలైలో దివాలా ప్రకటించింది. కొత్తగా పెట్టుబడి దొరకలేదు.

బీ3ఐ మూతపడటానికి సాంకేతిక లోపాన్ని కారణంగా చూపడం సరికాదు. సభ్య సంస్థలన్నిటికీ దశాబ్దాలుగా నడుస్తున్న సొంత కంప్యూటర్ వ్యవస్థలు ఉన్నాయి. వాటిని కొత్త ఖాతాతో ముడిపెట్టే ఖర్చు ఎవరికి వారే పెట్టుకోవాలి, లాభం మాత్రం అందరూ చేరాకే వస్తుంది. ముందు అడుగు వేసినవారికి ఖర్చు, ఆఖరున వచ్చినవారికి ఫలితం. ఇలాంటి చోట అందరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటం సహజం. సరుకు రవాణా పత్రాల కోసం మేర్స్క్, ఐబీఎం 2018లో తెచ్చిన ట్రేడ్‌లెన్స్‌దీ ఇదే దారి. తగినంత మంది చేరకపోవడంతో దాన్ని ఆపేస్తున్నట్టు 2022 నవంబరులో ప్రకటించారు.

విమాన ఆలస్య బీమా

ఫ్రాన్స్‌కు చెందిన ఆక్సా సంస్థ 2017 సెప్టెంబరులో ఫిజీ అనే పాలసీని ప్రవేశపెట్టింది. పారిస్‌లోని షార్ల్ ద గాల్ విమానాశ్రయానికీ అమెరికాకూ మధ్య నడిచే విమానాలతో మొదలైంది. ప్రయాణికుడు వెబ్‌సైట్‌లో విమానం నంబరు, తేదీ ఇచ్చి ప్రీమియం కడితే, ఆ కొనుగోలు వివరం ఎథీరియం మీద నమోదయ్యేది. విమానాల రాకపోకల సమాచారంతో ఆ కాంట్రాక్టు ముడిపడి ఉండేది. విమానం రెండు గంటలకు మించి ఆలస్యంగా దిగితే, క్లెయిమ్ ఫారం నింపకుండానే ప్రయాణికుడికి పరిహారం దక్కేది. చెల్లించాలా వద్దా అన్న నిర్ణయాన్ని సంస్థ తన చేతుల్లోంచి తీసేసి ప్రోగ్రాముకు అప్పగించింది. ఈ పాలసీలోని అసలు కొత్తదనం అదే. బీమా సంస్థ తన ఆదాయానికి సంబంధించిన నిర్ణయంలో ఇంత పట్టు వదులుకోవడం అరుదు, మెచ్చుకోదగ్గది కూడా.

రెండేళ్లు నడిచాక 2019 నవంబరులో ఆక్సా దాన్ని నిలిపివేసింది. ఆశించినంతగా అమ్మకాలు లేకపోవడమే కారణం. విమానం ఆలస్యం మీద విడిగా బీమా కొనాలన్న ఆలోచన చాలామంది ప్రయాణికులకు రాదు. టికెట్ అమ్మేవారే దాన్ని కూడా అమ్మిపెట్టాలి, అందుకు వారికి తగిన కమిషన్ ముట్టాలి. బీమా ఎక్కడైనా అమ్మితేనే అమ్ముడుపోయే సరుకు అన్న సంగతి ఏజెంట్లందరికీ తెలిసిందే. దాన్ని ఏ ఖాతా విధానమూ మార్చలేకపోయింది.

వాన సూచీ బీమా: పాలమూరు నుంచి కెన్యా దాకా

బ్లాక్‌చైన్ బీమాలో అన్నిటికన్నా ఆశ కలిగించినవి రైతులకు సంబంధించిన పథకాలు. వీటి మూలాలు వెతుక్కుంటూ వెళితే మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా తగులుతుంది. 2003 ఖరీఫ్‌లో సూక్ష్మరుణ సంస్థ బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి, ప్రపంచ బ్యాంకు సాంకేతిక సాయంతో ఆ జిల్లాలోని 230 మంది వేరుశనగ, ఆముదం రైతులకు వర్షపాత సూచీ బీమా అమ్మాయి. దేశంలో ఈ తరహా బీమాకు అదే తొలి ప్రయత్నం. తర్వాత దేశమంతటా వచ్చిన వాతావరణ ఆధారిత పంటల బీమా పథకాలకు దారి వేసింది కూడా అదే.

ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ అమ్మిన పాలసీల నిర్మాణం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఖరీఫ్‌ను మూడు దశలుగా విడగొట్టారు. మొదటి రెండూ 35 రోజుల చొప్పున, మూడోది 40 రోజులు. జూన్ 1 తర్వాత కురిసిన వాన మొత్తం 50 మిల్లీమీటర్లకు చేరిన రోజు మొదటి దశ ఆరంభం. అంత వాన పడకపోయినా జూలై 1న అది మొదలయ్యేది. ఒక్క రోజులో 60 మిల్లీమీటర్లకు మించి కురిస్తే 60 గానే లెక్క, ఎందుకంటే అంతకు మించిన నీరు నేలలో ఇంకకుండా కొట్టుకుపోతుంది. 2 మిల్లీమీటర్ల లోపు చినుకులు లెక్కలోకి రావు. మొదటి రెండు దశల్లో వాన ఒక పై హద్దు కన్నా తగ్గితే, తగ్గిన ప్రతి మిల్లీమీటరుకూ ఇన్ని రూపాయలు. కింది హద్దు కన్నా తగ్గితే పూర్తి పరిహారం. మూడో దశలో, అంటే కోతల కాలంలో, వాన ఎక్కువైతే చెల్లింపు.

ఇది అచ్చంగా స్మార్ట్ కాంట్రాక్టే, కాగితం మీద రాసినది. ఇందులో సర్వేయరు లేడు, పంట చూసే పని లేదు, వాదనకు తావు లేదు. అయినా రైతులు విరగబడి కొనలేదు. క్సావియర్ జీనే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ విక్కరీ మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో జరిపిన అధ్యయనంలో, పాలసీ సరిగా అర్థం కాకపోవడం, చేతిలో డబ్బు లేకపోవడం ప్రధాన అడ్డంకులుగా తేలాయి. బేసిక్స్‌తో ముందునుంచీ పరిచయం ఉన్నవారే ఎక్కువగా కొన్నారు. షాన్ కోల్, మరికొందరు పరిశోధకులు ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఊరివాళ్లు నమ్మే స్థానిక వ్యక్తి వెంట వచ్చి పరిచయం చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో కొనుగోళ్లు పెరిగినట్టు కనబడింది. చెల్లింపు తప్పదని లెక్కలు ఎంత గట్టిగా చెప్పినా, రైతు ముందు మనిషిని నమ్మాడు.

ఇంకో అడ్డంకి మరింత మొండిది. పరిహారం తేల్చేది వాతావరణ కేంద్రంలోని వానమాపకం, పంట ఎండేది రైతు పొలంలో. మాపకం ఉన్న మండల కేంద్రంలో ఒక జల్లు పడి, పది కిలోమీటర్ల అవతల చుక్క పడకపోవడం రాయలసీమ, పాలమూరు రైతులకు కొత్తేమీ కాదు. నష్టానికీ సూచీకీ మధ్య ఉండే ఈ తేడాను బీమా రంగంలో బేసిస్ రిస్క్ అంటారు. పైరు ఎండిపోయి కూడా పైసా రాని రైతు మరుసటి ఏడాది ప్రీమియం కట్టడు, పక్కవాళ్లనూ కట్టనివ్వడు. అతని కోపం న్యాయమైనదే. బ్లాక్‌చైన్ ఈ తేడాను ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించలేదు. మాపకాలు దగ్గర దగ్గరగా పెడితేనో, ఉపగ్రహ సమాచారంతో సరిచూస్తేనో తగ్గుతుంది.

మరి బ్లాక్‌చైన్ చేర్చింది ఏమిటి? ఖర్చు తగ్గింపు, వేగం. 2016లో మొదలైన బ్లాక్‌చైన్ బీమా సంస్థ ఎథెరిస్క్ ఆ ఏడాదే షాంఘైలో జరిగిన ఎథీరియం సమావేశంలో విమాన ఆలస్య బీమాను ప్రదర్శించింది. తర్వాత దృష్టి రైతుల మీదికి మళ్లింది. 2019లో శ్రీలంకలో ఆక్స్‌ఫామ్, ఏయాన్, సనస బీమా సంస్థలతో కలిసి సుమారు 200 మంది వరి రైతులకు బీమా అందించింది. కెన్యాలో ఏకర్ ఆఫ్రికా సంస్థతో కలిసి, చైన్‌లింక్ సహకారంతో, వాతావరణ సమాచారాన్ని బట్టి తేలే పరిహారాన్ని నేరుగా రైతు ఫోన్‌లోని ఎం-పెసా ఖాతాకు పంపే ఏర్పాటు చేసింది. 2022 మార్చిలో లెమనేడ్ బీమా సంస్థ చొరవతో హానోవర్ రీ, పులా, ఎథెరిస్క్, చైన్‌లింక్ తదితరులు ఒక కూటమిగా ఏర్పడి, అవలాంచ్ అనే బ్లాక్‌చైన్ మీద కెన్యా రైతులకు బీమా ఇచ్చారు. మొదటి విడతలో సుమారు 7,000 మంది రైతులు చేరారు.

కొద్దిపాటి ప్రీమియం కట్టే చిన్న రైతు దగ్గరికి సర్వేయరును పంపితే ఆ ఖర్చే ప్రీమియాన్ని మించుతుంది. అందుకే ఆ రైతులు ఇన్నాళ్లూ బీమాకు బయట ఉండిపోయారు. మానవ ప్రమేయం లేని చెల్లింపు వారిని లోపలికి తేగలదు. కెన్యాలో ఇది సాధ్యపడటానికి బ్లాక్‌చైన్ ఎంత కారణమో, అప్పటికే ఊరూరా పాకిన ఎం-పెసా కూడా అంతే కారణం.

మన దేశంలో పంట బీమా ఇప్పటికీ ప్రధానంగా ప్రభుత్వ పథకమే. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో బీమా మొత్తం మీద రైతు కట్టే ప్రీమియం ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. దిగుబడి నష్టాన్ని పంట కోత ప్రయోగాలతో తేలుస్తారు. ఎంపిక చేసిన పొలంలో కొంత విస్తీర్ణం కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ తూకం అంకె ఆలస్యంగా చేరినా, అనుమానంగా ఉన్నా రైతుకు డబ్బు ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎవరు ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో నమోదు చేసే ఈ-క్రాప్, రెండు తెలుగు రాష్ట్రాల ప్రణాళికా సంస్థలు నడుపుతున్న మండల స్థాయి స్వయంచాలక వాతావరణ కేంద్రాలు, కేంద్రం 2023లో మొదలుపెట్టిన వాతావరణ సమాచార వేదిక విండ్స్ ఈ సమస్యను మూలం దగ్గర పట్టుకునే ప్రయత్నాలు. ఏ ఖాతాలో రాసుకున్నా, ముందు అంకె సరిగా పుట్టాలి. పంట బీమాకు సాంకేతికత మీద పెట్టే రూపాయిలో ఎక్కువ భాగం వానమాపకాలకూ కోత ప్రయోగాలకూ వెళ్లడమే రైతుకు మేలు.

నౌకలు, వాహనాలు, వజ్రాలు

నౌకా బీమాలో ఎర్నెస్ట్ అండ్ యంగ్, గార్డ్‌టైమ్, మేర్స్క్, మైక్రోసాఫ్ట్, విల్లిస్ టవర్స్ వాట్సన్ తదితర సంస్థలు కలిసి ఇన్సర్‌వేవ్ అనే ఉమ్మడి ఖాతా వేదికను 2018 మేలో ప్రారంభించాయి. యుద్ధ ప్రాంతంలోకి ప్రవేశించే నౌకకు అదనపు ప్రీమియం పడుతుంది. నౌక ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలిస్తే ఆ ప్రీమియం వెంటనే లెక్కకట్టవచ్చు. హాంకాంగ్ బీమా సంస్థల సమాఖ్య 2018 డిసెంబరులో తెచ్చిన మిడాస్, వాహన బీమా పత్రం అసలుదో నకిలీదో క్యూఆర్ కోడ్‌తో తేల్చే వ్యవస్థ. వజ్రాల లక్షణాలను నమోదు చేసి, దొంగిలించినవాటిని, రెండు చోట్ల క్లెయిమ్ చేసినవాటిని పట్టుకోవాలని 2015లో ఎవర్‌లెడ్జర్ పుట్టింది. 2023లో అది ఆర్థిక ఇబ్బందుల్లో పడింది.

మిడాస్ చేసే పనిని మన దేశంలో ఎలాంటి బ్లాక్‌చైనూ లేకుండానే హైదరాబాద్ నుంచి పనిచేసే బీమా సమాచార సంస్థ, ఐఐబీ, ఏళ్లుగా చేస్తోంది. బీమా సంస్థలన్నీ తమ వాహన పాలసీల వివరాలు దానికి పంపుతాయి. అందరూ నమ్మే మధ్యవర్తి ఉన్నచోట ఉమ్మడి ఖాతా అవసరం చాలావరకు తీరిపోతుంది. అలాంటి మధ్యవర్తి దొరకని అంతర్జాతీయ పునర్బీమా, నౌకా రవాణాలలోనే దానికి నిజమైన చోటు ఉంది.

సభ్యులే నడిపే రక్షణ నిధులు

బీమా సంస్థ అనేదే లేకుండా సభ్యులు ఒకరికొకరు రక్షణ ఇచ్చుకునే పద్ధతి క్రిప్టో ప్రపంచంలోనూ వచ్చింది. 2019లో హ్యూ కార్ప్ ప్రారంభించిన నెక్సస్ మ్యూచువల్ వీటిలో ప్రముఖమైనది. స్మార్ట్ కాంట్రాక్టుల్లో లోపాల వల్ల జరిగే నష్టాలకు అది రక్షణ ఇస్తుంది. క్లెయిమ్ ఇవ్వాలా వద్దా అన్నది సభ్యుల ఓటు తేలుస్తుంది. 2020 ఫిబ్రవరిలో బీజెడ్ఎక్స్ అనే వేదిక మీద దాడి జరిగినప్పుడు సభ్యులు చెల్లింపులకు ఆమోదం తెలిపారు. అంటే అంతా ప్రోగ్రాముల మయమైన చోట కూడా, నష్టం జరిగిందా అన్న ప్రశ్నను చివరికి మనుషులే తేల్చారు. చైనాలో యాంట్ సంస్థ 2018లో మొదలుపెట్టిన సియాంగ్ హు బావో అనే పరస్పర సహాయ పథకం ఒక దశలో 10 కోట్ల మంది సభ్యులను చేర్చుకుని, 2022 జనవరిలో మూతపడింది. క్లెయిమ్ ఆధారాలను భద్రపరచడానికి అందులో బ్లాక్‌చైన్ వాడారు.

చెరిగిపోని రాత తెచ్చే చిక్కులు

ఖాతాలో రాసింది చెరపలేకపోవడం ఆరోగ్య బీమాలో ఇబ్బంది అవుతుంది. ఐరోపాలో 2018 నుంచి అమలైన డేటా రక్షణ చట్టం, మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం రెండూ తన సమాచారాన్ని తొలగించమని కోరే హక్కును పౌరుడికి ఇచ్చాయి. ఒక మనిషికి ఉన్న జబ్బు వివరం శాశ్వతంగా, పదిమంది కంప్యూటర్లలో ఉండిపోవడం తగదు. అందువల్ల అసలు రికార్డును ఆస్పత్రి లేదా బీమా సంస్థ సర్వర్‌లోనే ఉంచి, దాని హ్యాష్‌ను మాత్రమే బ్లాక్‌చైన్ మీద పెట్టడం ఆనవాయితీ అయింది.

ప్రోగ్రాములో తప్పు దొర్లితే ఇంకా ప్రమాదం. 2016 జూన్‌లో ఎథీరియం మీద నడిచిన డావో అనే నిధి నుంచి, కోడ్‌లోని లోపాన్ని వాడుకుని 36 లక్షల ఈథర్ నాణేలను మళ్లించారు. దాన్ని సరిచేయడానికి ఎథీరియం సమాజం ఖాతా నియమాలనే మార్చి ఆ సొమ్మును వెనక్కి తేవాల్సి వచ్చింది, దానికి ఒప్పుకోనివారు వేరు కుంపటి పెట్టుకున్నారు. బీమా పాలసీలో ఒక నిబంధన తప్పుగా రాస్తే, కాగితం రోజుల్లో అది రెండు మూడు క్లెయిమ్‌ల దగ్గరే బయటపడేది. ప్రోగ్రాములో అయితే వేల చెల్లింపులు జరిగిపోయాక తెలుస్తుంది. విద్యుత్ వృథా అన్న పాత ఆరోపణకు మాత్రం ఇప్పుడు పెద్దగా పస లేదు. 2022 సెప్టెంబరులో పద్ధతి మార్చుకున్నాక ఎథీరియం విద్యుత్ వాడకం 99 శాతానికి పైగా తగ్గింది.

భారతదేశంలో స్థితి

 2018లో దేశంలోని పలు జీవిత బీమా సంస్థలు కాగ్నిజెంట్‌తో కలిసి, పాలసీదారుల సమాచారాన్ని పంచుకోవడానికి కోర్డా మీద ఒక వ్యవస్థ నిర్మిస్తున్నట్టు ప్రకటించాయి. అయితే ఈ రంగంలో తర్వాత వచ్చిన పెద్ద నిర్మాణాలు కేంద్రీకృత పద్ధతినే ఎంచుకున్నాయి. పాలసీలను డిజిటల్ రూపంలో దాచే బీమా రిపాజిటరీలు 2013 నుంచి ఉన్నాయి. ఆస్పత్రులు, బీమా సంస్థల మధ్య క్లెయిమ్ పత్రాల కోసం జాతీయ ఆరోగ్య క్లెయిమ్‌ల ఎక్స్ఛేంజ్ వచ్చింది, అన్ని పాలసీలనూ ఒకే చోట కొనుక్కునే బీమా సుగమ్‌కు 2024లో నిబంధనలు వెలువడ్డాయి.

బీమాకు దగ్గరి చుట్టమైన చిట్టీల రంగంలో తెలంగాణ ప్రభుత్వం టీ-చిట్స్ పేరుతో బ్లాక్‌చైన్‌ను వాడింది. చిట్టీలో పాట పాడటం, వాయిదా కట్టడం, పాడుకున్న సొమ్ము తీసుకోవడం అన్నీ ఖాతాలోనే పుట్టే ఘటనలు. బయట జరిగినదాన్ని ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. పనికి పనిముట్టు సరిగ్గా కుదిరిన ఉదాహరణ ఇది.

చట్టపరంగా చూస్తే, కంప్యూటర్ ద్వారా కుదిరిన ఒప్పందాన్ని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 10ఎ సెక్షన్ గుర్తిస్తుంది. కానీ బీమా వ్యాపారం చేయాలంటే 1938 నాటి బీమా చట్టం కింద అనుమతి తీసుకోవాలి కాబట్టి, నెక్సస్ మ్యూచువల్ వంటి ఏర్పాటు ఇక్కడ బీమాగా చెల్లదు. ప్రీమియం ముందుగా అందనిదే బాధ్యత మొదలుకాదని అదే చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతుంది. ప్రీమియం జమ కాకుండానే పాలసీని అమల్లో ఉన్నట్టు చూపే ప్రోగ్రాముకు ఈ సెక్షన్ అడ్డు వస్తుంది. నిర్ణీత మొత్తం దాటిన సాధారణ బీమా నష్టాలకు లైసెన్సు ఉన్న సర్వేయరు నివేదిక ఉండాలన్న నియమమూ ఉంది. ఆస్తి, వాహన నష్టాలను మనిషి చూడకుండా చెల్లించే పాలసీల పరిధిని ఇది కుదించేస్తుంది.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టేటప్పుడు ఇచ్చే ధ్రువపత్రంలో ఆ రికార్డు హ్యాష్‌ను పేర్కొనే ఏర్పాటు చేసింది. పాలసీ తీసుకున్న రోజున ప్రతిపాదన పత్రంలో పాలసీదారు ఏం చెప్పాడో, ఏజెంటు ఏం నింపాడో రుజువు చేయాల్సి వచ్చినప్పుడు ఇది అక్కరకొస్తుంది. ‘షుగర్ ఉన్న సంగతి దాచారు’ అంటూ క్లెయిమ్ తిరస్కరించడం, ‘మేం చెప్పాం, ఏజెంటే రాయలేదు’ అని కుటుంబం వాపోవడం బీమా తగాదాల్లో తరచూ వినబడేవే. నింపిన పత్రాన్ని ఆ రోజే పాలసీదారు ఫోనుకు పంపి, దాని హ్యాష్‌ను ఉమ్మడి ఖాతాలో పెడితే, ఏ పక్షమూ తర్వాత దాన్ని మార్చలేదు. కొత్త చట్టాలేవీ అక్కర్లేని, ఖర్చు తక్కువైన ఈ చిన్న వాడకం ఇక్కడి పాలసీదారులకు అన్నిటికన్నా ముందు అందవలసినది. ఇలాంటి తగాదాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం పాలసీదారుల ఫిర్యాదులు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళతాయి. 2023 నవంబరు నుంచి 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది, ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు.